రాడార్ ఉన్న కాన్వాయ్‌తో కుస్తీ: నా 1943 సబ్‌మెరైన్ ప్రాజెక్టు డైరీ

రోజు 1

వరసగా మూడోసారి శత్రువు చేతిలో మునిగి ఓడిపోయాను. మూడుసార్లూ తీరు ఒకటే. సైలెంట్ హంటర్ 3 అనే కంప్యూటర్ గేమ్‌లో నా కెరీర్ 1943 ఏప్రిల్‌కి చేరింది. జర్మన్ టైప్ 7సి సబ్‌మెరైన్, ఉత్తర అట్లాంటిక్, కళ్లు పొడుచుకున్నా ఏమీ కనపడని చీకటి. కాన్వాయ్ (యుద్ధనౌకల కాపలాతో గుంపుగా వెళ్లే సరుకు నౌకలు) పక్క నుంచి నీటి మీదే మెల్లగా దగ్గరికి జరుగుతున్నాను, 1940లో లెక్కలేనన్నిసార్లు చేసిన పనే. ఇంకా ఆరేడు కిలోమీటర్లు ఉండగానే ఆ పక్క కాపలా కాస్తున్న డిస్ట్రాయర్ ముక్కు నా వైపు తిప్పింది. సెర్చ్‌లైట్ వేయలేదు, అటూ ఇటూ వెతకలేదు, ఎవరో అడ్రస్ రాసిచ్చి పంపినట్టు తిన్నగా నా మీదికే వచ్చింది.

1940 అలవాటు ఎంత బలమైనదో చెప్పాలి. ఆ ఏడాది అక్టోబరులో ఎస్‌సీ 7 కాన్వాయ్‌లో 35 నౌకలుంటే 20 పోయాయి. జర్మన్ కెప్టెన్లు రాత్రిపూట నీటి మీద తేలుతూనే వచ్చి కొట్టి వెళ్లిపోయారు. ఎస్కార్టుల (కాపలా యుద్ధనౌకల) అస్డిక్, అంటే శబ్దం పంపి ప్రతిధ్వని వినే సోనార్, నీళ్ల లోపల వెతుకుతుంది, పైన తేలే సన్నటి ఆకారాన్ని చీకట్లో మనిషి కన్ను పట్టుకోలేదు. ఆ రెంటికీ మధ్య ఉన్న సందులోనే సబ్‌మెరైన్ బతుకంతా. రాడార్ వచ్చి ఆ సందు మూసేసింది. 1941 మార్చి 17 తెల్లవారకముందే హెచ్‌ఎక్స్ 112 కాన్వాయ్ దగ్గర వానోక్ అనే బ్రిటిష్ డిస్ట్రాయర్ నీటి మీదున్న యు-100 అనే జర్మన్ సబ్‌మెరైన్‌ని రాడార్‌తో పట్టుకుని, వెళ్లి గుద్ది ముంచేసింది. చీకట్లో వరసల మధ్య దూరడంలో అందరికన్నా ఆరితేరిన జర్మన్ కెప్టెన్ ఒట్టో క్రెష్మర్ కూడా ఆ రాత్రే యు-99ని పోగొట్టుకుని బందీ అయ్యాడు.

ఇదంతా నాకు తెలుసు, ఏళ్ల క్రితమే చదివాను. అయినా గేమ్‌లో కూర్చోగానే చేతులు 1940కే వెళ్లిపోతున్నాయి. అందుకే కెరీర్ పక్కన పెట్టేసి ఒక టెస్ట్ మిషన్ తయారు చేసుకుని, పద్ధతి దొరికేదాకా దాని మీదే పడదామని ఈ డైరీ మొదలుపెట్టాను.

రోజు 3

గేమ్‌తో పాటు వచ్చే మిషన్ ఎడిటర్‌లో చిన్న కాన్వాయ్ పెట్టాను. మూడు వరసలు, వరసకు నాలుగు సరుకు నౌకలు, 8 నాట్స్ (గంటకు సుమారు 15 కిలోమీటర్లు) వేగం, తిన్నగా తూర్పుకి ప్రయాణం. ఎస్కార్టులు నాలుగు: ముందు ఒకటి, రెండు పక్కలా చెరొకటి, వెనక ఒకటి. సిబ్బంది నైపుణ్యం అన్నిటికీ ఒకటే. ఇదే మిషన్‌కి రెండు కాపీలు తీసి ఒకదానికి 1940 అక్టోబరు, రెండోదానికి 1943 ఏప్రిల్ తేదీలు ఇచ్చాను. తేదీని బట్టి గేమ్ నౌకలకు పరికరాలు అమరుస్తుంది కాబట్టి మారేది ఎస్కార్టుల సామగ్రే, మిగతాదంతా మక్కీకి మక్కీ.

మొదటి నాలుగు రన్స్ ఏమీ తేల్చలేదు. 1943లో త్వరగా దొరికిపోతున్నాను, సరే, కానీ నన్ను పట్టింది రాడారా, కాపలావాడి కన్నా? వెన్నెల ఉన్న రాత్రి పెట్టి రెండూ కలిపేశాను, తప్పు నాదే. అప్పుడు తట్టింది, కన్ను మూసేస్తే మిగిలేది రాడారే కదా. రెండు కాపీల్లోనూ దట్టమైన పొగమంచు పెట్టి మళ్లీ నడిపాను.

1940 కాపీలో పొగమంచు లోంచి ఎంత దగ్గరికి వెళ్లానంటే ఒక నౌక వెనక భాగం ఉన్నట్టుండి గోడలా ఎదురొచ్చింది, గుద్దుకోకుండా తప్పుకోవడానికే సరిపోయింది. అప్పటిదాకా ఎవ్వరూ కదల్లేదు. 1943 కాపీలో దాదాపు ఆరు కిలోమీటర్ల దగ్గరే పక్క ఎస్కార్ట్ తిరిగింది. నాకు దాని నీడ కూడా కనపడలేదు, మునిగాక హైడ్రోఫోన్ (నీళ్లలో చప్పుళ్లు వినే పరికరం) వాడు చెప్తే తెలిసింది.

నిజ చరిత్రలోనూ అచ్చంగా ఇదే జరిగింది. 1943 ఏప్రిల్ చివర, మే మొదట్లో ఓఎన్‌ఎస్ 5 కాన్వాయ్ మీద సబ్‌మెరైన్లు గుంపుగా పడి 13 నౌకల్ని ముంచాయి, ఆ తర్వాత రాత్రి పొగమంచు దిగింది. సబ్‌మెరైన్లకు ఏమీ కనపడలేదు, ఎస్కార్టులకు రాడార్‌లో అన్నీ కనపడ్డాయి, ఒక్కొక్కదాన్నీ వెతికి పట్టుకున్నాయి. ఆ నెల మొత్తం 41 సబ్‌మెరైన్లు పోయాయి. 24న జర్మన్ నౌకాదళాధిపతి డోనిట్జ్ మిగిలినవాటిని ఉత్తర అట్లాంటిక్ నుంచి వెనక్కి రమ్మన్నాడు. ఆటలో పొగమంచు పడితే మనకే లాభం అని నేను ఇన్నాళ్లూ సంబరపడేవాణ్ణి!

రోజు 4

ఇవాళంతా కొలతలే. పొగమంచు అలాగే ఉంచి, సముద్రాన్ని, నా పొజిషన్‌ని మార్చి చూశాను. ఎస్కార్ట్‌కి అడ్డంగా, పక్కంతా చూపిస్తూ వెళ్తే అదే ఆరు కిలోమీటర్లు. ముక్కు దాని వైపు పెట్టి సన్నగా కనిపిస్తే కొంచెం ఎక్కువ దగ్గరికి వెళ్లగలిగాను, కానీ ఒక్కో రన్‌లో ఒక్కోలా వచ్చింది కాబట్టి దాని మీద ప్రాణం పెట్టుకోలేను. అసలు తేడా అలల దగ్గర. గాలి సెకనుకు 15 మీటర్లకి పెంచితే, అంటే గేమ్ ఇచ్చే గరిష్ఠానికి, రాడార్ పట్టే దూరం సగానికి పడిపోయింది. అలల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనుల్లో సబ్‌మెరైన్ కలిసిపోతుంది, నిజం రాడార్‌తోనూ ఇదే తంటా.

అయితే ఆ గాలిలో పెరిస్కోప్ లోతులో నిలబడటమే గగనం, సబ్‌మెరైన్ మాటిమాటికీ పైకి తేలి వీపు చూపిస్తోంది. తుఫానుని నమ్ముకుని ప్లాన్ వేయలేం. వస్తే వాడుకుందాం.

రోజు 6

పప్పులో కాలేసిన రోజు. నా సబ్‌మెరైన్‌కి మెటాక్స్ ఉంది, రాడార్ తరంగాలు తగిలితే చెప్పే రిసీవర్. అది చెప్పినప్పుడల్లా మునగడం, చెప్పకపోతే పైనే ఉండటం, ఇదీ నా కొత్త పద్ధతి. మూడు రన్స్‌లో అది నోరే విప్పలేదు. డిస్ట్రాయర్ మాత్రం మూడుసార్లూ వచ్చింది.

కారణం వెతకడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు, నాకు ముందే గుర్తు రావాల్సింది. 1942 ఆగస్టు నుంచి వచ్చిన మెటాక్స్‌ని విమానాల పాత రాడార్ కోసం చేశారు, దాని తరంగం పొడవు సుమారు ఒకటిన్నర మీటర్లు. బ్రిటిష్ వాళ్ల టైప్ 271 నౌకల రాడార్ 10 సెంటీమీటర్ల తరంగం మీద నడుస్తుంది. దాన్ని 1941 వసంతంలోనే ఆర్కిస్ అనే కార్వెట్ (చిన్న కాపలా యుద్ధనౌక) మీద పెట్టి పరీక్షించారు. మెటాక్స్‌కి ఆ తరంగం వినపడనే వినపడదు. సెంటీమీటర్ తరంగాల్ని పట్టే నాక్సోస్ రిసీవర్ వచ్చేసరికి 1943 చివర్లోకి వెళ్లిపోయాం. అంటే నేను చెవిటివాణ్ణి కాపలా పెట్టుకుని, వాడు అరవలేదు కాబట్టి దొంగ రాలేదని పడుకున్నాను.

మెటాక్స్ అరిస్తే మునుగుతాను. అరవకపోతే దానికి అర్థమే లేదు. కాగితం మీద పెద్దగా రాసి మానిటర్ కింద అంటించాను.

రోజు 7

ఏమీ జరగలేదు. రెండు రన్స్, రెండు చావులు. ఎక్కువ దూరం నుంచి, 5,000 మీటర్ల నుంచి నాలుగు టార్పెడోలు గుంపు మీదికి వదిలి చూశాను, ఒక్కటీ తగల్లేదు, ఆవిరి టార్పెడోల బుడగల గీత చూసి ఎస్కార్ట్ ఆ గీత వెంబడే నా దగ్గరికి వచ్చింది. కంప్యూటర్ ఆపేశాను.

రోజు 9

నిన్న గేమ్ తెరవకుండా కాగితం మీద గీతలు గీసుకున్నాను. రాడార్ పట్టే దూరం ఆరు కిలోమీటర్లయితే ఆ వృత్తంలోకి నీటి మీద అడుగు పెట్టకూడదు, అంతే. నీళ్ల లోపల నా వేగం కాన్వాయ్ కంటే తక్కువ, పక్క నుంచి గానీ వెనక నుంచి గానీ అందుకోలేను. మిగిలిన దారి ఒక్కటే. దూరంగా చుట్టూ తిరిగి వాళ్ల ముందుకి పోయి, వాళ్లు రాబోయే దారిలో మునిగి కూర్చోవాలి. కాన్వాయే నా దగ్గరికి రావాలి.

లెక్క ఇలా వేశాను. కాన్వాయ్‌కి పక్కన 12 కిలోమీటర్ల దూరంలో ఉన్నాను, వాళ్ల నౌకల మాస్ట్ స్తంభాల చివరలు మాత్రమే కనిపిస్తాయి. వాళ్లు 8 నాట్స్, నేను డీజిల్స్ మీద 16. సమాంతరంగా వెళ్తే గంటకు 8 నాటికల్ మైళ్లు, అంటే 14.8 కిలోమీటర్లు ముందుకు పోతాను. 18 కిలోమీటర్లు ముందుండాలంటే 73 నిమిషాలు. అక్కణ్ణుంచి లోపలికి తిరిగి వాళ్ల దారి మీదికి చేరడానికి 24 నిమిషాలు, ఆలోగా వాళ్లు ఆరు కిలోమీటర్లు దగ్గరికి వచ్చేస్తారు. మునిగేటప్పటికి మధ్యలో 12 కిలోమీటర్లు మిగులుతాయి. రాడార్ వృత్తానికి రెట్టింపు, చాలు.

ఇదంతా వాళ్ల దిశ, వేగం సరిగ్గా తెలిస్తేనే. మ్యాప్‌లో శత్రు నౌకలు ఆటోమేటిక్‌గా కనపడే ఆప్షన్ నేను ఆపేసి ఆడతాను. కాబట్టి వినికిడే దిక్కు. మునిగి, ఇంజిన్ ఆపి, ఒకే ప్రొపెల్లర్ చప్పుడు మీద సమానమైన వ్యవధిలో మూడు బేరింగ్‌లు (చప్పుడు ఏ కోణం నుంచి వస్తుందో) తీసుకోవాలి. మ్యాప్ మీద నా స్థానం నుంచి ఆ మూడు గీతలు గీసి, స్కేలుని వాటికి అడ్డంగా పెట్టి తిప్పుతూ ఉండాలి, మొదటి గీతకీ రెండోదానికీ మధ్య ముక్క, రెండోదానికీ మూడోదానికీ మధ్య ముక్క సమానమైన చోట ఆపాలి. ఆ స్కేలు చూపించేదే కాన్వాయ్ దిశ. దూరం మాత్రం దీంట్లో తెలియదు, స్కేలు దగ్గరగా పెట్టినా దూరంగా పెట్టినా కోణం అదే వస్తుంది. దూరానికి ఒక్కసారి కంటితో చూడాల్సిందే.

వేగానికి నాకు బాగా నచ్చిన చిట్కా ఉంది. 3 నిమిషాల 15 సెకన్లలో నౌక ఎన్ని వందల మీటర్లు కదిలిందో అన్ని నాట్స్. 800 మీటర్లయితే 8. భాగహారాలు లేవు, క్యాలిక్యులేటర్ లేదు, స్టాప్‌వాచ్ ఉంటే చాలు.

ఇంత చేసీ మొదటి రన్‌లో కాన్వాయ్ నాకు అందకుండా ఉత్తరంగా వెళ్లిపోయింది. తప్పు ఎక్కడని చూస్తే మూడో బేరింగ్ వేరే నౌకది. హైడ్రోఫోన్ వాడు వరసలో ఇంకో ప్రొపెల్లర్ చెప్పాడు, నేను అదే అనుకున్నాను. దిశలో 5 డిగ్రీల తేడా వచ్చింది, వినడానికి అయిదే, 20 కిలోమీటర్ల దూరానికి అది కిలోమీటరున్నర దాటుతుంది. ఇప్పుడు బేరింగ్‌లు నేనే హైడ్రోఫోన్ దగ్గర కూర్చుని తీసుకుంటున్నాను, టక్ టక్ మని లయ తేడాగా ఉండే ఒక పాత నౌకను పట్టుకుని దాన్ని వదలను.

రోజు 12

పని చేసింది! పూర్తిగా రాస్తున్నాను, రేపు మర్చిపోతాను.

12 కిలోమీటర్లు ముందు మునిగాను, వాళ్లు రావడానికి 49 నిమిషాలు. 2 నాట్స్ దాటకూడదు, ఆ వేగంతో ఆ 49 నిమిషాల్లో నేను జరగగలిగేది 3 కిలోమీటర్లే. దారికి అంతకన్నా దూరంలో మునిగితే ఇక ఆ కాన్వాయ్‌కి నమస్కారం పెట్టేయాలి. ఆటలో కాలాన్ని వేగంగా నడిపే టైమ్ కంప్రెషన్ పెట్టొచ్చు గానీ పెట్టలేదు, టెన్షన్ అంతా ఆ ఎదురుచూపులోనే ఉంది.

దారికి దక్షిణంగా కిలోమీటరు లోపు, 50 మీటర్ల లోతులో, సైలెంట్ రన్నింగ్ (చప్పుడు వీలైనంత తగ్గించి). ముందు ఎస్కార్ట్ అస్డిక్ కొడుతూ వస్తోంది. ఇక్కడ ఒక పేచీ ఉంది, నిన్న రెండు రన్స్ దీనికే బలయ్యాయి. టార్పెడో వేయాలంటే నేను వాళ్ల దారికి లంబంగా, ఉత్తరానికి ముక్కు పెట్టి ఉండాలి. అలా ఉంటే ముందు ఎస్కార్ట్‌కి నా పక్క మొత్తం కనిపిస్తుంది, అస్డిక్‌కి అంతకన్నా పండగ లేదు. ముక్కు దాని వైపు పెడితే సన్నగా ఉంటాను, కానీ అప్పుడు టార్పెడోకి కోణం కుదరదు. అందుకని పడమరకి, దానికి ఎదురుగానే ముక్కు పెట్టి కూర్చున్నాను, అది నన్ను దాటి తోక చూపించగానే తిరగడం మొదలుపెట్టాను. తన ప్రొపెల్లర్ల సుడి వెనక అస్డిక్‌కి ఏమీ వినపడదు. ముందు వరస నౌకలు దాని వెనక 2 కిలోమీటర్లలో ఉన్నాయి, అంటే నాకున్నది 8 నిమిషాలు. ఆ 8 నిమిషాల్లో 90 డిగ్రీలు తిరగాలి, 50 మీటర్ల నుంచి 12 మీటర్లకి రావాలి, ట్యూబు తలుపులు తెరవాలి. 2 నాట్స్‌తో తిరగడం ఎడ్లబండిని సందులో తిప్పినట్టు ఉంది, ఒక నాటు పెంచాను, పట్టుబడలేదు.

కోణం లెక్క ముందే వేసి పెట్టుకున్నాను. ఎలక్ట్రిక్ టార్పెడో 30 నాట్స్, నౌక 8 నాట్స్, నేను లంబంగా ఉన్నాను. కాబట్టి నౌక నా ముక్కుకి 15 డిగ్రీల ఎడమలో, అంటే 345 మీద కనిపించినప్పుడు వేయాలి. దూరం ఎంతైనా కోణం మారదు, అదే దీని గొప్ప. పెరిస్కోప్ 345 మీద బిగించి, దించేసి, హైడ్రోఫోన్‌లో వింటూ, అది దగ్గరికి రాగానే అయిదు సెకన్లు ఎత్తి చూసి మళ్లీ దించడం. తొలి పరీక్షల్లోనే ఆ సెంటీమీటర్ రాడార్ కిలోమీటరు దాటిన దూరంలో పెరిస్కోప్‌ని కూడా పట్టింది మరి.

మొదటి నౌక వంతెన (నౌకను నడిపే గది) గీత మీదికి రాగానే ఒకటి, రెండో వరసలోని ట్యాంకర్‌కి రెండు. 900 మీటర్లకి 58 సెకన్లు పడుతుంది. నా వేగం లెక్క ఒక నాటు తప్పినా ఆ 58 సెకన్లలో వచ్చే తేడా 30 మీటర్లు, 130 మీటర్ల పొడవున్న నౌకకి ఎక్కడో ఒకచోట తగులుతుంది. తగిలింది. ట్యాంకర్‌కి ఒకటే తగిలింది, రెండోది ఎటు పోయిందో తెలీదు.

రోజు 13

నిన్న కొట్టిన వెంటనే దొరికిపోయి చచ్చానని నిన్న రాయలేదు, సంతోషం పాడవుతుందని.

కొట్టాక బయటికి పారిపోవడం నా తప్పు. బయట ఎస్కార్టులే ఉన్నాయి. ఇవాళ ఎదురు చేశాను, 160 మీటర్లకి దిగుతూ కాన్వాయ్ కిందికే దూరి, వాళ్ల వెనక వైపుకి జారాను. పైన డజను నౌకల ప్రొపెల్లర్ల గోలలో నా 2 నాట్స్ చప్పుడు ఎవరికి వినపడుతుంది? అయినా ఒకటి పట్టుకుంది.

అది పరుగెత్తుకొస్తున్నప్పుడు గాబరాపడి ముందే వేగం పెంచితే అదే మన చావు. అస్డిక్ కిరణం కిందికి పూర్తిగా వంగదు, మీద మీదికి వచ్చాక చివరి కొన్ని వందల మీటర్లు దానికి నేను కనపడను. అస్డిక్ పింగ్‌లు (అది పంపే శబ్దాలు) దగ్గరదగ్గరగా పడి, ప్రొపెల్లర్ చప్పుడు తల మీదికి వచ్చాక ఫుల్ స్పీడ్, చుక్కాని మొత్తం ఒక పక్కకి. డెప్త్ చార్జీలు (నీళ్లలోకి దిగి పేలే బాంబులు) సెకనుకు దాదాపు 3 మీటర్లు దిగుతాయి, 160 మీటర్లకి చేరడానికి దాదాపు నిమిషం. ఆ నిమిషంలో 7 నాట్స్‌తో నేను 200 మీటర్లు జరిగిపోతాను. పేలుళ్లు మొదలవగానే నీళ్లన్నీ గోలగోల, అదే అదనుగా మళ్లీ 2 నాట్స్‌కి. బాంబుల్ని ముందుకి విసిరే హెడ్జ్‌హాగ్ ఉన్న ఎస్కార్టుతో మాత్రం ఈ ఆట సాగదు, అది నేను దాని కళ్లముందు ఉండగానే వేస్తుంది. నాలుగు రన్స్‌లో రెండుసార్లు బతికాను. నాకిది బాగానే ఉంది.

రోజు 17

కెరీర్‌లోకి తిరిగొచ్చాను. టెస్ట్ మిషన్‌లో విమానాలు లేవు, ఇక్కడ ఉన్నాయి. ఆ 97 నిమిషాల చుట్టుతిరుగుడులో రెండుసార్లు మునగాల్సి వచ్చింది, మునిగిన ప్రతిసారీ కాన్వాయ్ ముందుకి పోతూనే ఉంటుంది. చీకటి పడేసరికి నేను 7 కిలోమీటర్లు మాత్రమే ముందున్నాను, దారికి రెండు కిలోమీటర్లు పక్కన. 12 దాకా పోదామని ఆశ పడలేదు, అక్కడే మునిగాను. చేతిలో 28 నిమిషాలు. మొదటి పది నిమిషాలు 4 నాట్స్, తర్వాత 2.

అంతా సరిపోతుందనుకుంటుండగా కాన్వాయ్ 20 డిగ్రీలు అవతలికి తిరిగింది. మధ్య వరసలు పోయాయి. ఇవతలి వరసలో చివరి నౌక మాత్రం 2,200 మీటర్లలో దొరికింది, రెండు వేశాను, 143 సెకన్లు గడియారం చూస్తూ కూర్చున్నాను. ఒకటి తగిలింది.

అయిదు గంటలు లోతులో గడిపి, చప్పుళ్లన్నీ తూర్పుకి పోయాక పైకొచ్చి పెరిస్కోప్ ఎత్తాను. నౌక ఇంకా తేలుతూనే ఉంది, కదలట్లేదు, వెనక భాగం నీళ్లలోకి వంగింది. దాని చుట్టూ ఒక కార్వెట్ తిరుగుతోంది. నా ట్యూబుల్లో రెండున్నాయి, బ్యాటరీ మూడో వంతు మిగిలింది, తెల్లవారడానికి గంటన్నర ఉంది. గేమ్ పాజ్‌లో పెట్టి ఇది రాస్తున్నాను.